మత్తుకు ముందు మెలకువ: మధుమేహమున్న పిల్లికి దంతచికిత్స

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోను, దానిని ఆనుకొనియున్న తార్నాక కాలనీలలోను పిల్లి తిరుగని వీధి అరుదు. వాటిలో కొన్ని గోడ దూకి వచ్చి, ఇంటి పాలు మరిగి, ఆ ఇంటివారితో పాటే ముసలివవుతున్నవి. ఆయువు పెరిగినచోట దీర్ఘరోగాలు కూడ పెరుగును. అందులో మధుమేహం ఒకటి, పళ్ళ జబ్బు ఒకటి. ఈ రెండును ఒకే పిల్లికి వచ్చినప్పుడు యజమాని పరిస్థితి ముందు నుయ్యి, వెనుక గొయ్యి అన్నట్లుండును. పన్ను తీయించవలెనన్న మత్తు ఇవ్వవలెను; మత్తు అనగానే చక్కెర జబ్బు గుర్తుకు వచ్చి చేయి వెనుకకు పోవును. ఆ భయంతో చికిత్స మానుకొనుట ఎందుకు తగదో, చేయించునప్పుడు ముందుగా ఏమేమి సిద్ధపరచుకొనవలెనో ఈ వ్యాసంలో వివరింపదలచినాము. మేము పశువైద్యులము కాము. వైద్యుని సలహాకు బదులుగా కాక, ఆ సలహాను చక్కగా అర్థం చేసికొనుటకే ఈ నాలుగు మాటలు.

జంతువులకు మధుమేహమా అని ఆశ్చర్యపడనవసరం లేదు. 1958లో కూనూరు నుండి హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకొన్న తార్నాకలోని పరిశోధనాలయంలోనే పుట్టుకతో స్థూలకాయం గల ఎలుకల జాతులు వృద్ధి పొందినవి. వాటిలో ఒక జాతికి చక్కెరను సరిగా వినియోగించుకొను శక్తి లోపించినది. అసలు ఇన్సులిన్‌ను టొరంటోలో బాంటింగ్, బెస్ట్ అను పరిశోధకులు 1921లో కుక్కల మీది ప్రయోగాల ద్వారానే కనుగొన్నారు. పిల్లులలో ఈ వ్యాధి చాలవరకు మనుష్యులలో నడివయసున వచ్చు మధుమేహాన్ని పోలియుండును. బరువు పెరిగి, కదలిక తగ్గిన మగపిల్లులకు ఎక్కువగా వచ్చును. నీరు అతిగా త్రాగుట, మూత్రం అధికమగుట, తిన్నను చిక్కిపోవుట దీని లక్షణాలు. వ్యాధి ముదిరినచో నరములు దెబ్బతిని, వెనుక కాళ్ళ మడమలు నేలకు ఆనించి నడచును.

పిల్లికి ముప్పది పళ్ళు. వాటి మొదట గార పట్టి, చిగుళ్ళు వాచి, చీము చేరినప్పుడు నష్టం నోటితో ఆగదు. శరీరంలో ఎక్కడ వాపు, చీము ఉన్నను ఇన్సులిన్ పని మందగించును. చక్కెర అదుపు తప్పిన కొద్దీ చిగుళ్ళ రోగం మానదు. చిగుళ్ళ రోగం మానని కొద్దీ చక్కెర అదుపులోనికి రాదు. ఈ విషవలయాన్ని త్రెంచవలెనన్న చెడిన పన్ను తీయక తప్పదు. పిల్లి తనంతట నోరు తెరచి కూర్చుండదు. మత్తు లేకుండ పైపైని గార గీచినంత మాత్రాన చిగురు క్రింది రోగం పోదు. మత్తులో నుంచి, నీరు ఊపిరితిత్తులలోనికి జారకుండ శ్వాసనాళంలో గొట్టం అమర్చి చేయుటయే సరియైన పద్ధతి.

మత్తు విషయంలో మన నగరానికి ఒక చరిత్ర కలదు. క్లోరోఫారం వలన మరణాలెందుకు సంభవించుచున్నవో తేల్చుటకు 1888, 1889 సంవత్సరాలలో హైదరాబాదులో రెండు కమిషన్లు పనిచేసినవి. డాక్టర్ ఎడ్వర్డ్ లారీ వీటికి సారథి. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ధనసహాయం చేయగా, లండను నుండి లాన్సెట్ పత్రిక పక్షాన లాడర్ బ్రంటన్ వచ్చి రెండవ కమిషన్‌లో పాల్గొన్నారు. అనేక జంతువుల మీద పరీక్షించి, ముందు ఆగునది శ్వాసయే గాని గుండె కాదనియు, కనుక శ్వాసను కనిపెట్టుచుండిన చాలుననియు వారు నిర్ణయించినారు. కాని 1911లో ఇంగ్లండులో లెవీ అను వైద్యుడు పిల్లుల మీద చేసిన ప్రయోగాలలో మరొక సత్యం బయటపడినది. క్లోరోఫారం మత్తు తేలికగా ఉన్నప్పుడే గుండె లయ తప్పి అకస్మాత్తుగా ఆగవచ్చును. క్లోరోఫారం నేడు వాడుకలో లేదు. పాఠం మాత్రం మిగిలియున్నది. మత్తులో నున్న ప్రాణిని ఒకే కంటితో చూచిన చాలదు. శ్వాసతో పాటు గుండెను, మధుమేహమున్నచోట రక్తంలోని చక్కెరను కూడ కనిపెట్టవలెను. మెలకువగా నున్న పిల్లికి చక్కెర పడిపోయినచో వణకును, తూలును, మనకు తెలియును. నిద్రలో నున్న పిల్లి ఏమియు తెలుపదు. కొలిచి చూచినప్పుడే తెలియును.

ఇక ఇంటివారు చేయవలసిన పని కొన్ని వారాల ముందే మొదలగును. రోజూ ఇచ్చిన ఇన్సులిన్, తిన్న ఆహారం, త్రాగిన నీరు ఒక పుస్తకంలో వ్రాసి ఉంచవలెను. భయపడిన పిల్లికి వ్యాధి లేకున్నను చక్కెర 250 దాటవచ్చును. కనుక వైద్యశాలలో చూచిన ఒక్క అంకెను నమ్మక, గడచిన ఒకటి రెండు వారాల సగటును తెలుపు ఫ్రక్టోజమిన్ పరీక్షను, ఇంటి లెక్కలను కలిపి చూతురు. మూత్రపిండాలు, కాలేయం, రక్తంలోని లవణాలు, గుండె, రక్తపు పోటు పరీక్షింపవలెను. మూత్రంలో కీటోనులు కనబడి పిల్లి నీరసించియున్నచో దంతచికిత్సను వాయిదా వేసి ముందు ఆ ఆపదను తీర్చుదురు. అంతేగాని చక్కెర పరిపూర్ణంగా కుదురుకొనువరకు ఆగుదమన్న, చెడిన పన్ను ఉన్నంత కాలం అది కుదురుకొనకపోవచ్చును.

సిరంజి విషయంలో ప్రత్యేక శ్రద్ధ అవసరం. మన మందుల దుకాణాలలో మిల్లీలీటరుకు 40 యూనిట్లున్న ఇన్సులిన్, 100 యూనిట్లున్న ఇన్సులిన్ రెండును దొరకును. దేని సిరంజి దానిదే. 100 యూనిట్ల మందును 40 గుర్తుల సిరంజిలో నింపినచో మోతాదు రెండున్నర రెట్లగును. రెండు మూడు యూనిట్లతో సరిపెట్టుకొను చిన్న ప్రాణికి ఆ తప్పు ప్రాణాంతకం కావచ్చును.

చికిత్సకు ఉదయం మొదటి వేళనే అడిగి తీసికొనుట మంచిది. మధుమేహ పిల్లిని రాత్రంతయు పస్తుంచి, మామూలు మోతాదు ఇన్సులిన్ ఇచ్చుట ఎన్నటికిని తగదు. పలువురు వైద్యులు చికిత్సకు రెండు నుండి నాలుగు గంటల ముందు కొద్దిపాటి మెత్తని ఆహారమును, ఇన్సులిన్ సగం మోతాదును సూచింతురు. అయితే ఇది పిల్లిని బట్టి మారును. ముందురోజే వైద్యునిచేత వ్రాయించుకొనవలెను. నీటి గిన్నె తీసివేయరాదు. తార్నాక నుండి రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల వరకు పోవలెనన్న నగరం ఈ కొస నుండి ఆ కొసకు ప్రయాణం; ఆ సమయాన్ని కూడ లెక్కలో చేర్చుకొనవలెను. ఉదయం పిల్లి వాంతి చేసికొన్నను, తినకున్నను ఇన్సులిన్ ఇచ్చుటకు ముందే వైద్యుని అడుగవలెను. ఇన్సులిన్, సిరంజి, రోజూ తిను ఆహారం, లెక్కల పుస్తకం వెంట తీసికొనిపోవలెను.

మత్తులో నున్నంతసేపు అరగంటకో గంటకో చక్కెర కొలుతురా, సెలైన్ సూది ముందే అమర్చుదురా, శరీరం చల్లబడకుండ ఏమి చేయుదురు అని అడుగుటకు యజమాని సంకోచింపరాదు. చక్కెరను 150, 250 మధ్య నుంచుట చాలమంది వైద్యుల ఉద్దేశం. ఆ వేళకు కొంచెం ఎక్కువ ఉన్నను ఫరవాలేదు గాని పడిపోరాదు. పడిపోవుచున్నచో సెలైన్‌లో గ్లూకోజు కలుపుదురు.

మెలకువ వచ్చిన తరువాత కొద్ది గంటలలో పిల్లి మెత్తని ఆహారం తినవలెను. తినని పిల్లికి ఇన్సులిన్ యథాప్రకారం ఇచ్చుట ప్రమాదం. పిల్లి కొన్ని రోజులు తినకున్నచో కాలేయానికి కొవ్వు పట్టును. తూలుట, వణకుట కనబడినచో చిగుళ్ళకు తేనె రాచి వెంటనే వైద్యశాలకు చేర్చవలెను. నొప్పికి మనము మ్రింగు పారాసెటమాల్ పిల్లికి విషం, ఎన్నడును ఇవ్వరాదు. వాపు తగ్గుటకు ఇచ్చు స్టెరాయిడ్ సూదిమందు చక్కెరను పెంచును గనుక జబ్బు సంగతి ప్రతి వైద్యునికి తెలుపవలెను. చెడిన పళ్ళు పోయిన తరువాత ఇన్సులిన్ అవసరం తగ్గవచ్చును. పాత మోతాదునే కొనసాగించిన చక్కెర పడిపోవును. అందుచేత తరువాతి వారాలలోనే మరింత తరచుగా కొలువవలెను.

మత్తు ఇచ్చునది వైద్యుడే. కాని ఆ మత్తులోనికి పిల్లి ఎట్టి స్థితిలో ప్రవేశించునో నిర్ణయించునది చాలవరకు ఇంటివారి లెక్కల పుస్తకం. నోరులేని ప్రాణి తన బాధను చెప్పుకొనలేదు. దాని పక్షాన ఆ నాలుగు అంకెలే మాట్లాడవలెను.