ఎర్ర పైన్ చెప్పే నిప్పు లెక్కలు

అమెరికాలోని మినసోటా రాష్ట్రానికి ఉత్తరపు అంచున, కెనడా సరిహద్దు పొడవునా ఉన్న అడవిని బౌండరీ వాటర్స్ అంటారు. విస్తీర్ణం సుమారు 4,400 చదరపు కిలోమీటర్లు. అందులో చిన్నా పెద్దా కలిపి వెయ్యికి పైగా సరస్సులు. లోపల రోడ్లు లేవు. కొద్ది సరస్సుల్లో తప్ప మోటారు బోట్లను రానివ్వరు. తిరగాలంటే కెనూ అనే తేలికపాటి తెడ్డు పడవే గతి. సరస్సు అయిపోగానే పడవను బోర్లించి భుజాలకెత్తుకుని, కాలిబాటన నడిచి, పక్క సరస్సులో దించుకోవాలి. ఆ బాటను పోర్టేజ్ అంటారు. పటాల్లో దాని పొడవును మైళ్లలో కాకుండా రాడ్‌లలో వేస్తారు. రాడ్ అంటే పదహారున్నర అడుగులు, ఇంచుమించు ఒక కెనూ పొడవు.

మినియాపోలిస్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్లకు ఇది నాలుగైదు గంటల కారు ప్రయాణం. అక్కడికి వెళ్లినవాళ్ల కళ్లు ముందుగా పడేది ఒడ్డునున్న ఎర్ర పైన్ చెట్ల మీద. నిటారైన మాను, ఇటిక రంగు బెరడు, చాలా ఎత్తు దాకా కొమ్మే ఉండదు. మనిషి చెయ్యి పడకుండా మిగిలిన ఆదిమ అరణ్యమంటే ఇదేననిపిస్తుంది. కానీ ఆ చెట్ల కాండంలో ఉన్న సాక్ష్యం వేరు.

ముందు నీళ్ల సంగతి చూద్దాం. ఇక్కడ నేల అడుగునున్నది కెనేడియన్ షీల్డ్. అందులోని కొన్ని శిలల వయసు 270 కోట్ల ఏళ్లు. మంచుయుగంలో కిలోమీటరు మందాన్ని మించిన హిమానీనదాలు వీటి మీదుగా కదిలాయి. పగుళ్లున్న చోట, రాయి బలహీనంగా ఉన్న చోట గీకి గుంటలు చేశాయి. గట్టి రాతిని గట్లుగా వదిలేశాయి. పది పన్నెండు వేల ఏళ్ల కిందట మంచు వెనక్కి తగ్గాక ఆ గుంటలన్నీ నిండాయి. గోదావరి లాంటి నది లక్షల ఏళ్లుగా తన లోయను తానే కోసుకుంటూ వచ్చింది. ఇక్కడి నీటికి అంత వ్యవధి దొరకలేదు. అందుకే ఒక గుంట నిండి పొర్లి, రాతి గట్టు మీదుగా జారి ఇంకో గుంటలో పడుతుంది. ఆ జారే చోట పడవ పోదు, మనిషే దిగి మోయాలి.

మోయాలంటే పడవ తేలిగ్గా ఉండాలి. ఈ ప్రాంతపు ఆదివాసులైన ఓజిబ్వే ప్రజలు దాన్ని బర్చ్ చెట్టు బెరడుతో కట్టారు. మన ప్రాచీన గ్రంథాలు కొన్నిటికి రాతపత్రమైన భూర్జపత్రం హిమాలయాల బర్చ్ బెరడే. ఇక్కడి బర్చ్ దాని జ్ఞాతి. దీని బెరడు పలకలుగా ఊడి వస్తుంది, నీటిని పీల్చుకోదు. దాన్ని స్ప్రూస్ వేళ్లతో కుట్టి, కుట్ల మీద చెట్టు బంక కాచి పూసేవారు. నేటి కెవ్లార్ కెనూ ఇరవై కిలోల వరకూ ఉంటుంది; ఆకారం మాత్రం దాదాపు ఆనాటిదే.

ఇక నిప్పు. పిడుగు పడి అడవి అంటుకోవడం ఇక్కడ మామూలే. నేల మీద పాకే మంట ఎర్ర పైన్‌ను సాధారణంగా చంపదు. పలకలు పలకలుగా పేరుకున్న మందపాటి బెరడు లోపలి సజీవ కణాలను కాపాడుతుంది. కింది కొమ్మలు ఎండి రాలిపోయి ఉంటాయి కాబట్టి మంట పైకి పాకడానికి ఆసరా దొరకదు. అయితే గాలికి చాటైన వైపున, కాండం మొదలు దగ్గర మంట కొంచెం ఎక్కువసేపు నిలుస్తుంది. అక్కడ బెరడు కింది కేంబియం, అంటే ఏటా కొత్త కలపను పేర్చే పలుచని పొర, చచ్చిపోతుంది. చెట్టు మిగతా చుట్టూ పెరుగుతూ, గాయం అంచులను పెదవుల్లా మెల్లగా దగ్గరికి తెస్తుంది. అది పూర్తిగా మూసుకునేలోపే ఇంకో మంట వస్తే ఆ పెదవి మీద మరో మచ్చ. ఇలా మొదలు దగ్గర తిరగేసిన 'వి' ఆకారంలో గాడి పడుతుంది.

మొద్దును అడ్డంగా కోసి నునుపు చేస్తే ఒక్కో మచ్చ ఏ వార్షిక వలయం మీద ఉందో కనిపిస్తుంది. కరవు ఏడాది సన్న వలయం, వాన ఏడాది లావు వలయం. ఈ వరుసను చుట్టుపక్కల చెట్ల వరుసతో జతచేస్తే మంట లేచిన సంవత్సరం తేలుతుంది. వలయంలో మచ్చ లేత రంగు భాగంలో ఉందా, ముదురు భాగంలో ఉందా అని చూస్తే రుతువు కూడా తెలుస్తుంది. గాయపడ్డ ఎర్ర పైన్ మొదలంతా జిగురుతో నిండిపోతుంది, అందుకే దాని మోడు చచ్చాక కూడా వందల ఏళ్లు కుళ్లదు.

అటవీశాఖ శాస్త్రవేత్త మైరన్ హైన్‌సెల్‌మన్ ఈ మచ్చలను, చెట్ల వయసులను పట్టుకుని ఇక్కడ నరకకుండా మిగిలిన అడవి అగ్నిచరిత్రను పటాలుగా గీసి 1973లో ప్రచురించాడు. ఆయన గుర్తించిన చెట్ల గుంపుల్లో అన్నిటికన్నా పాతవి 1595 నాటి మంట తర్వాత మొలిచినవి. ముదురు పైన్‌లు ఎక్కువగా ద్వీపాల మీద, పెద్ద సరస్సులకు తూర్పు, ఈశాన్య, ఆగ్నేయ దిక్కుల్లో ఉన్నాయని కూడా చూపాడు. ఉధృతమైన మంటలు ఇక్కడ ఎక్కువగా పడమటి గాలులతో వస్తాయి. మధ్యలో సరస్సు అడ్డుపడితే తూర్పు ఒడ్డు బతికిపోతుంది. పడవలో వెళ్లే మనిషికి గొప్ప చెట్లు సరిగ్గా నీటి అంచునే ఎదురవడానికి ఇదొక కారణం.

రెండో కారణం ఇటీవలి పరిశోధనల్లో బయటపడింది. పాత కెనూ దారుల పక్కనున్న పైన్‌లలో చిన్న మంటల మచ్చలు పిడుగుల లెక్కకు అందనంత దగ్గరదగ్గరగా ఉన్నాయి. అవే చోట్ల కొన్ని చెట్లకు మనుషులు బెరడు ఒలిచిన గుర్తులూ ఉన్నాయి. పడవ కుట్లకు పూసే బంక కోసం చేసిన పని అది. ఓజిబ్వే ప్రజలు కావాలనే నేలను కాల్చేవారు. కాలిన నేలలో బ్లూబెర్రీ పొదలు భూమిలోపలి కాండాల నుంచి మళ్లీ చిగిర్చి విరగ కాస్తాయి. ఆ మంటే నీడ మొక్కలను తుడిచేసి, ఆకుచెత్త లేని మట్టిని, ఎండను పైన్ విత్తనానికి అందించేది.

1854 ఒప్పందంతో ఈ నేల అమెరికా ప్రభుత్వం చేతికి వెళ్లింది. ఓజిబ్వేలను రిజర్వేషన్లనే ప్రత్యేక ప్రాంతాలకు పరిమితం చేశారు. ఇరవయ్యో శతాబ్దంలో నిప్పు కనిపిస్తే ఆర్పడమే విధానమైంది. అక్కడితో చిన్న మచ్చలు ఆగిపోయాయి. 1964 నాటి చట్టం ఇలాంటి అడవులను మనిషి వచ్చి పోయే అతిథిగా మాత్రమే ఉండే చోట్లుగా నిర్వచించింది. యంత్రాల నుంచి, రోడ్ల నుంచి ఈ నీళ్లను కాపాడడంలో ఆ చట్టానికీ భాగముంది, ఆ మేలు చిన్నది కాదు. కానీ ఆ నిర్వచనం మాత్రం ఈ అడవికి సరిపోదని నా దృఢాభిప్రాయం. తరతరాలు ఇంటివాళ్లుగా బతికినవాళ్లను అది లెక్కలోంచి తీసేసింది.

నేడు చాలాచోట్ల ముదురు పైన్‌ల కింద పైన్ పిల్లలు లేవు. నీడలో పెరిగే బాల్సమ్ ఫర్ చెట్లు కమ్ముకున్నాయి. వాటి కొమ్మలు నేల దాకా వేలాడతాయి, నూనె ఎక్కువ. కింది మంట వాటి గుండా పైకొమ్మలకు ఎక్కుతుంది. అలా ఎక్కిన మంటను ఎర్ర పైన్ బెరడు కూడా ఆపలేదు. 2011లో పగామి క్రీక్ దగ్గర ఒక పిడుగుతో మొదలైన మంట, ఎండ, గాలి తోడై 370 చదరపు కిలోమీటర్లకు పైగా కాల్చేసింది. 1999లో పెనుగాలికి చెట్లు కూలిన ప్రాంతాల్లో అటవీశాఖ తానే అదుపులో మంటలు పెట్టింది. అది మంచి పనే, ఇంకా విస్తరించాలి. ఏ చోట, ఏ రుతువులో, ఎంత మంట అన్నది ఓజిబ్వే పెద్దలతో కూర్చుని తేల్చాలి.

అక్కడికి వెళ్లేవాళ్లకు ఒక మాట. వంటకు పుల్లలు ఏరుకోవడానికి అనుమతి ఉంటుంది. నేల మీద పడి ఎండినవి ఏరుకోండి. గుడారానికి దూరంగా, నీటి ఒడ్డుకు ఎడంగా వెళ్లి ఏరుకోండి. మొదలు దగ్గర తిరగేసిన 'వి' గాడి ఉన్న బూడిద రంగు మోడును మాత్రం కదపకండి. జిగురు వల్ల అది ఇట్టే అంటుకుంటుంది, వాన రోజున మరీ ఆశ పుడుతుంది. కానీ అందులో మూడు నాలుగు వందల ఏళ్ల వలయాలు ఉండవచ్చు, ఇంకా ఎవరూ లెక్కపెట్టనివి.