మైనస్‌లో కూడా నీళ్ళే!

పోయిన డిసెంబర్‌లో అవ్వతో కలిసి అలిపిరి మెట్ల దారిలో తిరుమలకి నడిచాను. గాలిగోపురం దాటాక ముందు మనిషి కనపడలేదు. జుట్టు మీద, కనురెప్పల మీద సన్నటి తుంపర.

"మంచు పడతా ఉండాది, తలకి తువ్వాల చుట్టుకో నాయనా" అంది అవ్వ.

"మంచు కాదవ్వా, మనం మేఘంలో ఉన్నాం" అన్నాను. (మనకి పొగమంచూ మంచే, హిమాలయాల్లో పడేదీ మంచే. ఇంగ్లీష్ మీడియం వాడిని, నాకిది పేచీనే.)

"ఇంకా చలైతే గడ్డకట్టి పడతాదా ఇది?"

"అవును, సున్నా డిగ్రీలు దాటి కిందికెళ్తే నీళ్ళు గడ్డకట్టాల్సిందే!"

తప్పు చెప్పాను. హాస్టల్‌కి వచ్చి చదివాక తెలిసింది.

నీళ్ళు గడ్డకట్టడానికి చలి ఒక్కటే చాలదు. అణువులు స్ఫటికంలా వరస కట్టాలంటే ఒక మొదలు కావాలి. మేఘాల్లో ఆ పని ఎక్కువగా కొన్ని రకాల మట్టి ధూళి చేస్తుంది. ఫోన్‌లో ఇదంతా చెప్తే "పాలకి తోడు మాదిరి" అంది అవ్వ. నేను ఇంతకంటే బాగా చెప్పలేను. తోడు దొరక్కపోతే మేఘంలోని చిన్న బొట్టు దాదాపు మైనస్ 38 డిగ్రీల దాకా నీళ్ళుగానే ఉండగలదు. దాన్నే సూపర్‌కూల్డ్ వాటర్ అంటారు.

ధ్రువాల దగ్గర చలికాలంలో నేలంతా మంచు కప్పేసి ఉంటుంది, ఇక దుమ్మెక్కడిది? గాలి శుభ్రంగా ఉంటే ఇంకోటి కూడా జరుగుతుంది. ఆవిరి పట్టుకునే రేణువులు తక్కువ కాబట్టి బొట్లు తక్కువ, ఒక్కోటీ కాస్త పెద్దది. పెద్దవి వేగంగా దిగుతూ దారిలో చిన్నవాటిని కలుపుకుంటాయి. మేఘపు బొట్టు అడ్డం సుమారు 0.02 మి.మీ., తుంపర చినుకుది 0.2 మి.మీ. అనుకుందాం. పదిరెట్లే కదా అనిపిస్తుంది, కానీ ఘనపరిమాణం 10×10×10. ఒక్క చినుకుకి వెయ్యి బొట్లు కలవాలి! అంటార్కిటికాలో మెక్‌మర్డో స్టేషన్ మీద మైనస్ 25 కంటే చల్లటి మేఘాల్లో కూడా ఇలాంటి తుంపర గంటల తరబడి పడటం చూశారు.

శేషాచలం కొండల్లో నన్ను తడిపిన తుంపర కూడా ఇలా బొట్లు కలిసి తయారయ్యిందే. మనది తగిలితే తడి, అక్కడిది తగిలిన చోటే గడ్డ. మన ఆకాశంలో మైనస్ మొదలయ్యేది సుమారు 5 కిలోమీటర్ల పైన. వాన మేఘాల్లో మంచు కరిగి నీళ్ళయ్యే ఆ పొర, తిరుపతి-చిత్తూరు దారిలో ఉన్న గాదంకి రాడార్లకి కనిపిస్తుంది.

తగిలిన చోటు విమానం రెక్క అయితే? 1994 అక్టోబర్ 31న అమెరికాలోని ఇండియానాలో ఒక ఏటీఆర్-72 విమానం ఇలాంటి తుంపరలో చాలాసేపు చక్కర్లు కొట్టింది. రెక్క అంచున మంచు విరగ్గొట్టే రబ్బరు పట్టీలు ఉన్నాయి. పెద్ద చినుకులు వాటిని దాటి వెనక్కి జారి, అక్కడ గడ్డకట్టాయి. లోపలున్న 68 మందీ చనిపోయారు. కొత్త విమానాలని ఇంత పెద్ద సూపర్‌కూల్డ్ చినుకులకి కూడా పరీక్షించాలన్న రూలు అమెరికాలో 2014లో గానీ రాలేదు.