పెట్టె నిండా చీరలు, కట్టుకోవడానికి కరవు
తల్లులకు నిత్యవస్త్ర విధానం

ఏమి తినాలి, ఎంతసేపు నిద్రించాలి, ఏ నూనెతో తల అంటుకోవాలి అని అడిగేవారు నా వైద్యశాలకు నిత్యం వస్తూనే ఉంటారు. ఏ వస్త్రం ధరించాలి అని అడిగేవారు మాత్రం ఏడాదికి ఒకరో ఇద్దరో. కాని ఆయుర్వేద శాస్త్రం దినచర్యలో దంతధావనానికీ, అభ్యంగానికీ, స్నానానికీ ఇచ్చినట్లే వస్త్రధారణకూ స్థానం ఇచ్చింది. నిర్మలమైన వస్త్రం శోభను, ఆయుష్షును, మనస్సుకు ఉల్లాసాన్ని ఇస్తుందని చరక సంహిత సూత్రస్థానం అయిదవ అధ్యాయం చెబుతున్నది. 16వ శతాబ్దికి చెందిన భావమిశ్రుడు తన భావప్రకాశంలో మలిన వస్త్రం వల్ల దురద, క్రిములు, మనోగ్లాని కలుగుతాయని హెచ్చరించాడు.

మన ఇళ్ళలో ఈ నియమాన్ని అందరిచేతా పాటింపజేసేది తల్లి. పిల్లల యూనిఫారాలు, భర్త చొక్కాలు, అత్తమామల పంచెలు, చీరలు ఆమె చేతి మీదుగానే శుభ్రపడతాయి. బట్టల కొనుగోలులో మాత్రం ఆమె వంతు చివరిది. వెలిసిపోయిన నైటీ, సాగిపోయిన లోదుస్తులు, బొందు దారంలా చుట్టుకుపోయిన లంగా ఆమెకు సరిపోతాయని ఇల్లంతా అనుకుంటుంది, ఆమె కూడా అనుకుంటుంది. ఇది పొదుపు కాదనీ, రోగానికి పెట్టుబడి అనీ చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఒక ఉదంతం

కొన్ని సంవత్సరాల క్రితం ఇద్దరు బిడ్డల తల్లి, పాఠశాలలో ఉపాధ్యాయిని, నడుము చుట్టూ, తొడల సందుల్లో తామరతో నా వద్దకు వచ్చారు. ఏడు నెలలుగా బాధ. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న పూతమందు రాసినప్పుడు తగ్గుతుంది, మానగానే రెట్టింపై తిరిగి వస్తుంది. మందులకే నాలుగు వేల రూపాయలకు పైగా ఖర్చయిందట.

"రోజూ ఏమి ధరిస్తారమ్మా?" అని అడిగాను.

"ఏమి చెప్పమంటారండీ డాక్టరు గారూ! పెట్టె నిండా చీరలున్నాయి, కట్టుకోవడానికి మాత్రం లేవు" అన్నారామె.

విచారించగా తెలిసినది ఇది. పెట్టెలో ఉన్నవి పట్టుచీరలు, పెండ్లిళ్ళలో, గృహప్రవేశాలలో వచ్చిన పెట్టుబడి చీరలు. బడికి కట్టుకునేవి మూడే, మూడూ పాలియెస్టరువి. లోపలి లంగాలు రెండు. వానాకాలంలో అవి ఆరక, ఉదయం తడి చెమ్మతోనే కట్టుకుని సాయంత్రం వరకు తరగతిలో నిలబడవలసి వచ్చేది. చెమ్మ, వేడి, రాపిడి ఒకచోట చేరిన చర్మం మీద తామర పెరగక ఏమవుతుంది?

ఆ పూతమందులో స్టిరాయిడు కలిసి ఉన్నది. అటువంటివి దురదను తాత్కాలికంగా అణచి, తామరను లోలోపల విస్తరింపజేస్తాయి. పద్నాలుగు రకాల స్టిరాయిడు పూతమందులను వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదని 2018లో కేంద్ర ప్రభుత్వం నిబంధన తెచ్చినది ఇటువంటి దుర్వినియోగం వల్లనే. ఆమెను చర్మవైద్య నిపుణుని వద్దకు పంపాను. ఇంట్లో భర్తకూ దురద ఉన్నదని తెలిసి ఆయనకూ వైద్యం చేయించమన్నాను. నేను చెప్పిన ప్రకారం నిత్యం ధరించే బట్టలు మార్చుకున్నారు. వైద్యం పూర్తిగా ముగిసిన తరువాత వచ్చిన వానాకాలంలో ఆ తామర తిరిగి రాలేదు. మందు రోగాన్ని తగ్గించింది, ఆరిన బట్ట దానిని మళ్ళీ రానీయలేదు.

శాస్త్రం పేదవానిని మరువలేదు

"అన్నీ కొత్తవి కొనాలంటే మాబోటి వారికి సాధ్యమా?" అని ఈ మాట విన్న తల్లులు నన్ను అడుగుతుంటారు. చరక సంహిత శారీరస్థానం ఎనిమిదవ అధ్యాయంలో పసిబిడ్డ పక్కబట్టలను గురించి చెబుతూ, అవి మృదువుగా, తేలికగా, శుచిగా, సువాసనతో ఉండాలనీ, చెమటతో, మలినంతో కూడినవి విడిచివేయాలనీ ఆదేశం ఉన్నది. వెంటనే మరొక మాట కూడా ఉన్నది. వేరేవి సమకూరని పక్షంలో వాటినే బాగా ఉతికి, ధూపం వేసి, శుభ్రంగా, పొడిగా ఆరబెట్టి వాడవచ్చునట. శాస్త్రం కోరినది కొత్తదనాన్ని కాదు, శుద్ధిని, పొడిదనాన్ని. ఈ రెండింటికీ కావలసినది డబ్బు కన్నా లెక్క.

ఆ లెక్కను నేను గురుకులంలోనే నేర్చుకున్నాను. మాకు ఒక్కొక్కరికి రెండు పంచెలు ఉండేవి. శ్రావణమాసం రాగానే గురువుగారు మూడవది ఇప్పించేవారు. ఒంటి మీద ఒకటి, తీగ మీద ఒకటి, పెట్టెలో ఒకటి. తీగ మీదిది ఆరకపోయినా పెట్టెలోనిది ఆదుకుంటుంది. నిత్యవస్త్రాలకు ఇదే మూలసూత్రం. చర్మానికి నేరుగా తగిలే లోదుస్తులు, లంగాలు, రవికల విషయంలో ఈ సంఖ్యను ఇంకా పెంచుకోవాలి. పైచీర ఒకటి తక్కువైనా ప్రమాదం లేదు.

ముందు పెట్టె తెరవండి

ఒక్క రూపాయి ఖర్చు చేయకముందు ఉన్నవన్నీ మంచం మీద వేసి మూడు భాగాలు చేయండి. గత ఆరు నెలల్లో వారానికి ఒకసారైనా ధరించినవి మొదటి భాగం. శుభకార్యాలకు మాత్రమే కట్టేవి రెండవ భాగం. బిగుతైనవి, చిరిగినవి, గుచ్చుకునేవి మూడవ భాగం. మీ ఆరోగ్యం ఆధారపడి ఉన్నది మొదటి భాగం మీదనే. అది ఎంత చిన్నదో చూసి చాలామంది తల్లులు ఆశ్చర్యపోతారు.

మూడవ భాగంలోనిది ఏదీ వృథా కాదు. కాన్పు తరువాత బిగుతైన రవికల్లో లోపల గుడ్డ మిగిలి ఉంటే దర్జీ చేత కుట్లు విప్పించి వదులు చేయించవచ్చు. పాత నూలుచీర ఎన్నో ఉతుకులతో మెత్తబడి ఉంటుంది, దానికి సాటి వచ్చే కొత్త గుడ్డ లేదు. ఒక చీరలో ఒక నైటీ వచ్చి, మిగిలిన దానిలో వంటింటి గుడ్డలు, పిల్లలకు చేతిరుమాళ్ళు వస్తాయి. మరీ పాతవైతే బొంతలు కుట్టుకోవచ్చు, పసివారికి పక్కగుడ్డలుగా వాడవచ్చు.

ఆరు నెలల ప్రణాళిక

ఒకేసారి కొనడం మధ్యతరగతి గృహానికి భారం. నెలకు ఏడెనిమిది వందల రూపాయలు పక్కన పెట్టగలిగితే ఆరు నెలల్లో పని పూర్తవుతుంది. ధరలు ఊరిని బట్టి మారతాయి, వరుస మాత్రం మార్చవద్దు.

మొదటి నెల: నూలు లోదుస్తులు, కనీసం ఆరు.
రెండవ నెల: నూలు లంగాలు మూడు. చుడీదారు ధరించేవారైతే వదులైన నూలు పైజామాలు.
మూడవ నెల: ఇంట్లో ధరించడానికి రెండు నూలు నైటీలు, లేదా పాత చీరలతో కుట్టించినవి.
నాలుగవ నెల: బయటకు వెళ్ళడానికి ఒక నూలుచీర లేక చుడీదారు.
అయిదవ నెల: రెండు రవికలు. అన్ని చీరలకూ నప్పే నలుపు, తేనె రంగు వంటివి ఎంచుకుంటే చీరకొక రవిక కుట్టించే ఖర్చు తప్పుతుంది.
ఆరవ నెల: మరొక నూలుచీర.

మనం సాధారణంగా చేసేది దీనికి తలక్రిందులు. పైకి కనిపించే చీర ముందు, చర్మానికి తగిలే లంగా చివర. చూసేవారికి చీర కనిపిస్తుంది, రోగానికి లంగా కనిపిస్తుంది.

ఆషాఢమాసపు తగ్గింపు ధరలు, ఆప్కో వంటి చేనేత సహకార దుకాణాల రిబేటు రోజులు నూలు బట్టలకు అనువైన సమయం. మంగళగిరి, నారాయణపేట నూలుచీరలు నిత్యం కట్టడానికి తగినవి, ఉతికిన కొద్దీ ఒంటికి హత్తుకుంటాయి. మీ పుట్టింటివారు, ఆడపడుచులు పెట్టుబడి చీర పెట్టదలచినప్పుడు "వదినా, ఈసారి నాకు నూలుచీర పెట్టండి, రోజూ కట్టుకుంటూ మిమ్మల్ని తలచుకుంటాను" అని చనువుగా చెప్పండి. ఇందులో చిన్నతనం లేదు.

గుడ్డను పరీక్షించే తీరు

దుకాణంలో కాటన్ అని చెప్పినదంతా నూలు కాదు. అంచు నుండి రెండు దారపు పోగులు తీసి, ఇంటికి తెచ్చి, పళ్ళెంలో ఉంచి జాగ్రత్తగా వెలిగించి చూడండి. నూలు కాగితం కాలిన వాసనతో మండి మెత్తని బూడిద అవుతుంది. పట్టు వెంట్రుక కాలిన వాసన ఇస్తుంది. పాలియెస్టరు, నైలాను కరిగి గట్టి పూసలా మిగులుతాయి. కొద్దిగా బూడిద, కొద్దిగా పూస మిగిలితే అది మిశ్రమ వస్త్రం. ఉతుకు, ఇస్త్రీ తేలిక కనుక మిశ్రమాన్ని పైబట్టగా వాడుకోవచ్చు, లోపలి బట్టగా వద్దు.

ఈ కరిగే గుణమే వంటింట్లో అపాయకరం. స్టౌ దగ్గర నైలాను నైటీ, జారే పల్లూ పనికిరావు. నిప్పు అంటుకుంటే ఆ గుడ్డ కరిగి చర్మానికి అతుక్కుంటుంది. కాలినప్పుడు వెంటనే కుళాయి క్రింద ఇరవై నిమిషాల సేపు చల్లని నీరు పోయండి. అతుక్కున్న గుడ్డను లాగవద్దు, టూత్ పేస్టు, సిరా, నెయ్యి రాయవద్దు, వైద్యుని వద్దకు తీసుకువెళ్ళండి.

నడుము మీది నల్లగీత

చీర కట్టే స్త్రీలలో చాలామందికి లంగా బొందు కట్టేచోట చర్మం నల్లబడి, పొలుసులు రాలుతూ ఉంటుంది. వయసుతో వచ్చినదని ఉపేక్షించకండి. ఏళ్ళ తరబడి ఒకేచోట జరిగిన ఒరిపిడి వల్ల ఏర్పడిన పుండు అరుదుగా క్యాన్సరుగా మారిన ఇద్దరు వృద్ధ స్త్రీల ఉదంతాలను మహారాష్ట్ర, బీహారు వైద్యులు 2024లో ఒక వైద్య పత్రికలో ప్రచురించారు. భయపడవలసిన పని లేదు, జాగ్రత్త పడితే చాలు. సన్నని తాడు బదులు రెండు వేళ్ళ వెడల్పు గల మెత్తని నూలు పట్టీ కుట్టించుకోండి. బొందుకూ నడుముకూ మధ్య వేలు దూరేంత వదులు ఉండాలి. కట్టేచోటును రోజురోజుకూ కొద్దిగా మార్చండి. రాత్రివేళ నడుముకు పూర్తి విశ్రాంతి ఇవ్వండి. రెండు మూడు వారాలైనా మానని పుండు ఉంటే వైద్యునికి చూపించి తీరాలి.

ఋతువును అనుసరించి

శీతకాలంలో వాతకఫాలను అణచే పట్టు, ఉన్ని వస్త్రాలు, వేసవిలో పిత్తాన్ని శమింపజేసే కాషాయవర్ణ వస్త్రాలు, వర్షాకాలంలో తెల్లని వస్త్రాలు తగినవని భావప్రకాశం విభజించింది. మన వేసవికి లేతరంగు పలుచని నూలును మించినది లేదు. చెమటకాయలు పేలినప్పుడు వదులైన నూలుబట్ట ధరించి, చల్లని నీటి స్నానం చేసి, అరగదీసిన మంచిగంధం పలుచగా పూస్తే చాలావరకు ఉపశమిస్తాయి.

ఉతుకు, నిల్వ

సబ్బు మిగిలిన బట్ట కూడా దురద పుట్టిస్తుంది. రెండు మూడు నీళ్ళలో జాడించండి. లోపలి బట్టలను తిరగవేసి ఎండలో ఆరబెట్టండి, సిగ్గుపడి తువ్వాలు క్రింద దాచి ఆరవేయవద్దు. ముసురు రోజుల్లో కుట్లు, బొందు పట్టీలు పూర్తిగా ఆరేవరకు ఇస్త్రీ పెట్టండి. తామర ఉన్నవారి బట్టలు, తువ్వాలు వేరుగా వేడినీటిలో ఉతకాలి. పట్టుకు, రంగు నూలుకు కుంకుడు రసం శ్రేష్ఠం. గంజి వేసవిలో పలుచగా పెట్టండి, వానాకాలంలో మానండి, బూజు పడుతుంది.

పెట్టెలో నీడన ఎండిన వేపాకు, వస కొమ్ములు పలుచని గుడ్డలో మూటకట్టి ఉంచితే పురుగు చేరదు. మూటలను పిల్లలకు అందనివ్వకండి. కలరా ఉండల మధ్య ఉంచిన బట్టలను పసిబిడ్డలకు తొడగవద్దు. పుట్టుకతో ఒక ఎంజైము లోపం ఉన్న శిశువులకు ఆ వాసన వల్ల రక్తకణాలు చితికి తీవ్రమైన కామెర్లు రాగలవు.

తల్లులారా! ఇంట్లో ఒకరికి తామర వస్తే అది మిగిలినవారికీ అంటుకుంటుంది. మీ చర్మాన్ని మీరు కాపాడుకోవడం స్వార్థం కాదు, ఇంటిల్లిపాదికీ రక్ష. ఇంటి యజమానులకు నా మనవి ఒక్కటే. వచ్చే పండుగకు పట్టుచీర తేవడానికి ముందు ఆమె లంగాలు ఎన్ని ఉన్నాయో ఒకసారి అడగండి.