పోపుల డబ్బా అటకెక్కింది

రిపోర్టు వచ్చిన సాయంత్రమే మా పిన్ని వంటింట్లో పోపుల డబ్బా అటకెక్కింది. నూనె డబ్బా పక్కింటికి వెళ్లిపోయింది. పసుపు తింటే ఒళ్లు ఇంకా పచ్చబడుతుందని దాన్నయితే ఏకంగా గుమ్మం దాటించేసింది. జరిగిందల్లా ఒక్కటే. బాబాయికి కంట్లో శుక్లాల ఆపరేషన్ చేయడానికి ముందు రక్తం పరీక్ష చేస్తే ‘హెచ్‌సీవీ రియాక్టివ్’ అని వచ్చింది. అది లివర్ జబ్బని ఎవరో చెప్పారు. లివరంటే కామెర్లు, కామెర్లంటే పథ్యం. మా ఊళ్లో ఇక ఎవర్నీ అడగాల్సిన పనిలేదు.

నలభై రోజులకు పట్నంలో లివర్ డాక్టర్ని చూసే వీలు చిక్కింది. ఆయన బాబాయిని బరువు చూసే మిషన్ ఎక్కించి, పిన్ని వైపు తిరిగారు.

“ఏమ్మా, ఈయనకు అన్నం పెట్టట్లేదా?”

“అయ్యో, అదేంటండీ! మజ్జిగన్నం, ఇడ్లీ, చప్పిడి పప్పునీళ్లు. ఇన్నాళ్లూ చుక్క నూనె తగలనిస్తే ఒట్టు.” పిన్ని గొంతులో గర్వమే వినిపించింది.

“సాయంత్రాలు మందు అలవాటుందా?”

బాబాయి నేలచూపులు చూశాడు. పిన్నే అందుకుంది. “ఆ ఒక్కటీ మానలేకపోతున్నారండీ. అదీ కొంచెమే.”

“నూనె పెట్టండి. ఆ కొంచెం ఆపండి” అన్నారు డాక్టరు.

హెచ్‌సీవీ, అంటే హెపటైటిస్-సి వైరస్ ఉందని తెలిశాక, మందు మొదలయ్యేలోగా మన ఇళ్లలో జరిగేదంతా ఆ మూడు ముక్కల్లో ఉంది. లివర్‌కు ఏ అపకారమూ చేయని కారాన్ని, పోపుని, పప్పుని మాన్పిస్తాం. అపకారం చేసేవాటిని ఉండనిస్తాం. పైగా పసరు పేరుతో ఇంకొకటి కలుపుతాం.

పిన్ని తప్పేం లేదు. కామెర్ల పథ్యానికో చరిత్ర ఉంది. నీళ్ల ద్వారా వచ్చే హెపటైటిస్-ఎ, ఇ సోకినప్పుడు వికారం, వాంతులు ఉంటాయి, నూనె వాసన పడదు, కళ్లు పచ్చబడతాయి. చాలామందికి కొద్ది వారాల్లో వాటంతటవే తగ్గుతాయి కూడా. ఆ వారాల్లో మజ్జిగన్నం పెట్టినవాళ్లకు, పసరు పోసినవాళ్లకు, చేతి మీద వాత పెట్టినవాళ్లకు నయం చేశారన్న పేరు దక్కింది. సి రకం తీరు వేరు. అది నీళ్లలో రాదు, రక్తంలోంచి రక్తంలోకి వస్తుంది. సోకినవాళ్లలో దాదాపు 30 శాతం మందికి ఆరు నెలల్లోపు తనంతట తానే పోతుంది. మిగతావాళ్లలో ఉండిపోయి, ఏళ్ల తరబడి కిక్కురుమనకుండా లివర్‌ని గీరుతూ ఉంటుంది. ఇరవై ఏళ్లు గడిచేసరికి వాళ్లలో 15 నుంచి 30 శాతం మందికి లివర్ గట్టిపడిపోయే సిర్రోసిస్ ముప్పు ఉంది. అందాకా కళ్లు పచ్చబడవు, ఆకలి చావదు. నీరసం మాత్రం ఉంటుంది. దాన్ని వయసు ఖాతాలో వేసుకుంటాం.

బాబాయికి ఎలా వచ్చిందో ఖాయంగా చెప్పలేం గానీ, తొంభైల్లో లారీ గుద్దినప్పుడు రెండు సీసాల రక్తం ఎక్కించారు. ఈ వైరస్‌ని గుర్తించిందే 1989లో. మన బ్లడ్ బ్యాంకుల్లో దీని పరీక్ష తప్పనిసరి అయ్యేసరికి ఈ శతాబ్దం వచ్చేసింది. సరిగా శుభ్రం చేయని సూదులు, జాతరలో పచ్చబొట్లు, ఒకే బ్లేడుతో పదిమందికి గడ్డాలు... ఇవన్నీ దానికి దారులే. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు, తలసీమియా పిల్లల్లా తరచూ రక్తం ఎక్కించుకునేవాళ్లకు ముప్పు ఇంకాస్త ఎక్కువ.

వెంటనే మందెందుకు వేయరు?

‘రియాక్టివ్’ అంటే వైరస్ ఎప్పుడో ఒంట్లోకి వచ్చిందని మాత్రమే. ఇప్పుడు ఉందో లేదో తేల్చేది ఆర్‌ఎన్‌ఏ పరీక్ష. ఆ తర్వాత లివర్ ఎంత గట్టిపడిందో చూడాలి. హెపటైటిస్-బి కూడా దాక్కుని ఉందేమో చూడాలి. ఎందుకంటే సి రకానికి మందు పడి అది తగ్గుతుంటే, బి రకం రెచ్చిపోయిన సందర్భాలున్నాయి. క్షయకు రిఫాంపిసిన్ వాడుతున్నవాళ్లు ఆ కోర్సు అయ్యేదాకా ఆగాలి, ఆ మాత్ర హెపటైటిస్-సి మాత్రను ఒంట్లో నిలవనివ్వదు. గర్భిణులనూ సాధారణంగా కాన్పయ్యేదాకా ఆగమంటారు. అలా కొందరికి వారాలు, కొందరికి నెలలు.

ఎదురుచూసేది మాత్రం ఎదురుచూడదగ్గదే. 2013 చివర్లో అమెరికాలో సోఫోస్‌బువిర్ అనే మాత్ర వచ్చింది. రోజుకొకటి, 12 వారాలు. ఒక్కో మాత్ర వెయ్యి డాలర్లు, మొత్తం కోర్సు 84,000. మరుసటి ఏడాది దాన్ని అమ్మే గిలియడ్ కంపెనీ మన దేశంలోని తయారీదారులకు లైసెన్సు ఇచ్చింది. అందులో హైదరాబాద్ హెటిరో ఉంది. ఇక్కడ ఆ పేటెంటు మీద అభ్యంతరం దాఖలు చేసిన మరో హైదరాబాద్ కంపెనీ నాట్కో కూడా 2015లో అదే ఒప్పందంలోకి వచ్చింది. ప్రపంచంలో పేదదేశాలు మింగిన ఈ మాత్రల్లో మన హైదరాబాద్ సరుకు తక్కువేం కాదు. 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ కేంద్రాల్లో పరీక్షలు, మందులు ఉచితం. ఈ తరహా మందులు సరిగ్గా వాడిన నూరుమందిలో 95 మందికి పైగా వైరస్ పూర్తిగా పోతోంది. అంటే ఇప్పుడు చేయాల్సింది జబ్బుతో యుద్ధం కాదు, మాత్ర చేతికొచ్చేదాకా లివర్‌ని ఇంకా చెడకుండా చూసుకోవడమే.

‘కొంచెమే’

మందు సంగతే ముందు. హెపటైటిస్-సి ఉన్నవాళ్లకు మద్యంలో ఇంత అయితే ఫర్వాలేదన్న కొలత లేదు. వైరస్ చేసే గాయాన్ని మద్యం త్వరగా మచ్చగా మారుస్తుంది. బీరయినా, కల్లయినా, దొరల విస్కీ అయినా లివర్‌కు ఒకటే. మా బాబాయి ‘కల్లు చల్లదనం కదా’ అని ఒక వాదన తెచ్చాడు. డాక్టరు నవ్వి ఊరుకున్నారు, పిన్ని నవ్వలేదు.

రెండోది పసరు. కామెర్లనగానే గుర్తొచ్చే నేల ఉసిరిని తేలిగ్గా కొట్టిపారేయకుండా శాస్త్రం నిజంగానే పరీక్షించింది. ఏటా జులై 28న ప్రపంచ హెపటైటిస్ దినం జరిపేది ఎవరి పుట్టినరోజని? హెపటైటిస్-బి వైరస్‌ని కనిపెట్టి నోబెల్ అందుకున్న బరూచ్ బ్లంబర్గ్‌ది. ఆయనే చెన్నై పరిశోధకులతో కలిసి నేల ఉసిరి మీద పనిచేశారు. సగానికి పైగా రోగుల్లో బి వైరస్ జాడ మాయమైందని 1988లో ‘లాన్సెట్’ పత్రికలో వచ్చింది. దేశదేశాల్లో మళ్లీ చేసి చూశారు. ఆ ఫలితం నిలవలేదు. సి రకం మీద ఆపాటి ఆధారమూ లేదు. ఇక తిప్పతీగ. కోవిడ్ రోజుల్లో ఇమ్యూనిటీ కోసమని దాన్ని ఎడాపెడా తాగినవాళ్లలో కొందరికి లివర్ దెబ్బతిన్నదని 2021లో ముంబయి డాక్టర్లు నమోదు చేశారు. ఆకు కదా, ఏం చేస్తుందిలే అనుకోవడానికి లేదు. ఒంట్లోకి వెళ్లిన ప్రతి ఆకు లెక్కా చూసేది లివరే.

మూడోది మాత్రల డబ్బా. దీన్నెవరూ పథ్యం కింద లెక్కేయరు. మోకాళ్ల నొప్పికి షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ లాంటివి సిర్రోసిస్ ఉన్నవాళ్ల కిడ్నీలను దెబ్బతీస్తాయి, కడుపులో రక్తం కారేలా చేస్తాయి. జ్వరానికైనా నొప్పికైనా పారాసెటమాల్ మేలు, కాకపోతే రోజుకు 2 గ్రాములు దాటకూడదు. 500 మిల్లీగ్రాములవి నాలుగు, 650వి అయితే మూడు. జలుబు మాత్రలో కూడా అదే ఉంటుందన్న సంగతి గుర్తుండాలి. రక్తం తక్కువగా ఉందని తేలకుండా ఐరన్ మాత్రలు వేసుకోవద్దు. ఈ జబ్బులో లివర్‌లో ఇనుము పేరుకునే తత్వం ముందే ఉంటుంది. ఇక పొద్దున లేవగానే మంచినీళ్లలా మింగే గ్యాస్ మాత్ర ఉంది చూశారూ, అది కడుపులో ఆమ్లం తగ్గిస్తుంది. హెపటైటిస్-సికి ఇచ్చే వెల్పటాస్‌విర్ అనే మందు ఒంటపట్టాలంటే ఆ ఆమ్లం ఉండాలి. గుండె లయ కోసం వాడే అమియోడరోన్‌తో సోఫోస్‌బువిర్ కలిస్తే గుండె వేగం ప్రమాదకరంగా పడిపోవచ్చు. అందుకే ఎదురుచూసే రోజుల్లో చేయదగ్గ పని, ఇంట్లో మింగుతున్న ప్రతి మాత్రా, చూర్ణం, కషాయం ఒక సంచిలో వేసుకెళ్లి డాక్టరు బల్ల మీద బోర్లించడం.

ఇక కంచంలోకి

లంఖణం పరమౌషధం అన్నమాట ఇక్కడ చెల్లదు. లివర్ బాగా ఉన్న దశలో అందరూ తినేదే తినొచ్చు. పప్పు, పెసరట్టు, గుడ్డు, చేప, పెరుగు, ఆకుకూర, పోపు, పసుపు, అన్నీ. తగ్గించుకోవాల్సింది పొట్ట. మన దేశంలో ఎక్కువగా కనిపించే మూడో రకం హెపటైటిస్-సి లివర్‌లో తనే కొవ్వు పేరుస్తుంది, ఈ వైరస్‌కు షుగర్ జబ్బుతోనూ చుట్టరికం ఉంది. కాబట్టి కారప్పొడి మీద చూపే అనుమానం కూల్‌డ్రింకు మీద, మూడు చెంచాల పంచదార టీ మీద, గుట్టలా పెట్టుకునే అన్నం మీద చూపితే పుణ్యం. రోజూ నడవొచ్చు. బూజు వాసనేసే, ముక్కిపోయిన పల్లీలు మాత్రం పారేయాలి. వాటిలో చేరే అఫ్లాటాక్సిన్ లివర్ క్యాన్సర్ కారకం. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థలో ఏళ్లుగా దాని మీద పనిచేస్తున్నారు. కాఫీ తాగేవాళ్ల లివర్లు కాస్త నెమ్మదిగా చెడుతున్నాయని చాలా పరిశీలనల్లో కనిపించింది. అలవాటున్నవాళ్లు మానక్కర్లేదు. బాబాయికి నచ్చిన సలహా ఇదొక్కటే.

సిర్రోసిస్ మొదలైనవాళ్ల లెక్క వేరు. రాత్రి ఎనిమిదికి తిని పొద్దున్న ఎనిమిదింటిదాకా ఏమీ తినకపోతే, నిల్వలు లేని లివర్ కండను కరిగించుకుంటుంది. అందుకే పడుకోబోయే ముందు ఒక గ్లాసు పాలు, రెండు అరటిపళ్లో గుప్పెడు అటుకులో తినమంటారు, పొద్దున్నే టిఫిను ఆలస్యం చేయొద్దంటారు. మాంసకృత్తులు కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాములు కావాలి. అరవై కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. గుడ్డు ఒకటి ఆరు గ్రాములే ఇస్తుంది, ఇక పప్పునీళ్లతో ఎక్కడ సరిపోతుంది? పొట్టలో నీరు చేరినవాళ్లకు మాత్రం ఉప్పు మీద గట్టి పథ్యం ఉంటుంది. అప్పుడు ఆవకాయ, అప్పడం, ఎండుచేప పక్కన పెట్టాల్సిందే. డయాలసిస్ వాళ్ల భోజనం కిడ్నీ డాక్టరు చెప్పినట్టే జరగాలి. రక్తపు వాంతి, తారులా నల్లటి విరేచనం, పగలు నిద్ర, రాత్రి మెలకువ, మాటల్లో తికమక... వీటిలో ఏది కనిపించినా అపాయింట్‌మెంటు కోసం ఆగకూడదు.

పిన్ని ఇంకో పని చేసింది. బాబాయి కంచం, గ్లాసు వేరు పెట్టింది. మనవరాలిని ఒళ్లోకి రానివ్వలేదు. నిజానికి ఈ వైరస్ కలిసి తింటే రాదు, ముట్టుకుంటే రాదు. వేరు చేయాల్సింది గడ్డం గీసుకునే బ్లేడు, టూత్‌బ్రష్షు, గోళ్లు తీసే కత్తెర. అవి మాత్రం అన్నాళ్లూ ఇంటిల్లిపాదివీ ఒకే అద్దం కింద ఒకే డబ్బాలో ఉన్నాయి. డాక్టర్ని చూసొచ్చిన సాయంత్రం అవి విడిపోయాయి, మనవరాలు ఒళ్లోకి చేరింది. హెపటైటిస్-ఎ, బి టీకాలున్నాయి, సి రకానికి లేదు. ఉన్న రెండూ బాబాయికి వేశారు.

మాత్రలు మొదలయ్యేసరికి పోయిన ఏడు కిలోల్లో నాలుగు వెనక్కొచ్చాయి. 12 వారాలు వాడి, మరో 12 వారాలు ఆగి చేసిన ఆర్‌ఎన్‌ఏ పరీక్షలో వైరస్ లేదు. అయితే మొదటి పరీక్షలో కనిపించిన యాంటీబాడీలు జీవితాంతం ఉంటాయి. ఎక్కడ రక్తం పరీక్షకు ఇచ్చినా మళ్లీ ‘రియాక్టివ్’ అనే వస్తుంది. అందుకే ‘నాట్ డిటెక్టెడ్’ అన్న ఆ కాగితాన్ని ఆధార్ కార్డుతో పాటు ప్లాస్టిక్ కవరులో దాచుకున్నాడు బాబాయి. రెండో కంటి ఆపరేషన్‌కు వెళ్లినప్పుడు అనుకున్నంతా అయింది. అక్కడి అమ్మాయి రిపోర్టు చూసి కంగారుపడింది, ఆయన కవరు తీసి చూపించాడు. పని జరిగిపోయింది.

కట్టు కట్టి పంపేటప్పుడు పిన్ని ఆ అమ్మాయిని పక్కకు పిలిచి అడిగింది, “ఏం పథ్యం పెట్టమంటావమ్మా?”

“పథ్యం ఏమీ లేదండీ. అన్నీ తినొచ్చు. కంట్లోకి నీళ్లు పోకుండా చూసుకోండి చాలు.”

పిన్ని తలూపింది. ఆ నెలంతా మాత్రం వాళ్లింట్లో వంకాయ ఉడకలేదు.