కట్టి చూశాక కనిపించే బీటలు

అమలాపురం దగ్గర ఊళ్లో అమ్మానాన్నల కోసం ఇల్లు కట్టించి, గృహప్రవేశం చేసి తిరిగి విమానం ఎక్కుతాం. మొదటి వర్షాకాలం దాటీ దాటగానే నాన్న ఫోన్లో ఫొటోలు పంపుతారు. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా బీటలు, గోడల అడుగున చెమ్మ, శ్లాబు కింద తుప్పు మరకలు. మేస్త్రికి ఫోన్ చేస్తే జవాబు ఒకటే: "ఆయ్, మన నేలే అంతండీ. ఓ కోటింగు వేయిస్తే సర్దుకుంటుంది."

ఆ మాటలో సగం నిజముంది. గౌతమి, వశిష్ఠ పాయల మధ్య గోదావరి పోసిన ఒండ్రు నేల మన కోనసీమ. బంకమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుపోతుంది. సముద్రానికి దగ్గరయ్యే కొద్దీ చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పన.

నేల తీరు తెలిసే కదా ఆయన పని ఒప్పుకున్నది? అది మిగతా సగం. కడ్డీలున్న కాంక్రీటులో కలిపే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని భారత ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. తీరప్రాంతపు గాలి తగిలే కాంక్రీటు ఎం30 రకానికి తగ్గకూడదనీ, కడ్డీ మీద 45 మిల్లీమీటర్ల కాంక్రీటు కవరు ఉండాలనీ అంటుంది. ఉప్పునీళ్లు కలిపినా, కవరు తగ్గించినా కడ్డీకి తుప్పు పడుతుంది. తుప్పు ఉబ్బి కాంక్రీటును లోపలి నుంచే పగలగొడుతుంది. ఆ తప్పు నేల మీదికి నెట్టేది కాదు.

కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లకు కాంట్రాక్టర్ల లైసెన్సు బోర్డు సంగతి తెలుసు. 1929 నుంచీ ఉందది. పని చెడితే లైసెన్సు నంబరు వేసి ఫిర్యాదు పెట్టొచ్చు. ఆ ధీమాతో ఊరికొస్తే ఇక్కడ అలాంటి గుమ్మం కనిపించదు. ప్రభుత్వ పనులు చేసే కాంట్రాక్టర్లకు తరగతుల వారీ రిజిస్ట్రేషన్ ఉంది, మున్సిపాలిటీకి ప్లాను పెట్టే ఇంజనీరుకు లైసెన్సు ఉంది. సొంత ఇల్లు కట్టే మేస్త్రికి ఉన్నది ఊళ్లో పేరు మాత్రమే. 2016 నాటి రెరా చట్టం అమ్మకానికి కట్టే ప్రాజెక్టులకు సంబంధించింది. వాటిలో నిర్మాణ లోపానికి 5 ఏళ్ల వరకూ బిల్డరు బాధ్యత ఉంటుంది. మన స్థలంలో మనం కట్టించుకున్న ఇంటికి ఆ చట్టం రాదు.

మనకు దిక్కు వినియోగదారుల చట్టం. ఇళ్ల నిర్మాణం కూడా ఒక సేవేనని 1993లోనే చట్టంలో చేర్చారు. అదే ఏడాది లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టూ ఆ మాటే చెప్పింది. ఇప్పుడు అమల్లో ఉన్న 2019 చట్టం ప్రకారం, చెల్లించిన సొమ్ము 50 లక్షలు దాటకపోతే జిల్లా కమిషన్‌కే వెళ్లొచ్చు. 5 లక్షల వరకూ ఫీజు లేదు. గడువు మాత్రం వివాద కారణం పుట్టిన నాటి నుంచి 2 ఏళ్లే. "వచ్చే సంక్రాంతికి వచ్చి చూస్తాన్లే" అని రెండు పండగలు దాటిస్తే ఆ తలుపూ మూసుకుపోవచ్చు. ఫిర్యాదు ఆన్‌లైన్లో వేయొచ్చు, విచారణకు వీడియోలో హాజరవుతామని కోరవచ్చు. ఊళ్లో ఉన్నవారికి పవరాఫ్ అటార్నీ ఇవ్వాలంటే కాన్సులేట్‌లో ధ్రువీకరింపజేసి పంపవచ్చు. అది ఇండియా చేరిన 3 నెలల్లోగా స్టాంపు వేయించాలి.

అయితే కమిషన్ మెట్లెక్కేలోపు కారణం తేలాలి. చాలా తగువులు చెడేది ఇక్కడే. కోపంలో ఇంకో మేస్త్రిని పిలిచి బీటలు పూడ్పిస్తాం. దాంతో సాక్ష్యమూ పూడిపోతుంది. ముందు తేదీలతో ఫొటోలు తీయించాలి. ఆ పనితో సంబంధం లేని సివిల్ ఇంజనీరు చేత రాతపూర్వకంగా నివేదిక రాయించాలి. అవసరమైతే శ్లాబు నుంచి కోర్ తీయించి ల్యాబుకు పంపాలి. ఇంకో చిక్కు ఒప్పందంలో ఉంది. మెటీరియల్ మనం కొనిచ్చి లేబర్ కాంట్రాక్టు ఇస్తే, "సరుకు మీదే కదండీ" అని మేస్త్రి తప్పుకుంటాడు. మెటీరియల్‌తో సహా ఒప్పుకుంటే ఆ వంక చెల్లదు.

నివేదిక చేతికొచ్చాక, ఫలానా తేదీలోగా బాగుచేయమని రిజిస్టర్డు పోస్టులో నోటీసు. తరవాత పెద్దమనుషులు. కోనసీమలో ఆ మేస్త్రి మన ఊరివాడో పక్క ఊరివాడో అయి ఉంటాడు, రేపు పెళ్లిలో ఎదురుపడతాడు. పెద్దల్లో పెట్టడం మంచిదే గాని, కుదిరిన మాట కాగితం మీద పెట్టి ఇద్దరూ సంతకం చేయాలి. కేసు వేశాక కూడా రాజీకి దారి ఉంది. కమిషన్ మధ్యవర్తిత్వానికి పంపవచ్చు. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీకి సివిల్ కోర్టు డిక్రీ అంత విలువ, దాని మీద అప్పీలు లేదు.

ఇంకా ఇల్లు మొదలుపెట్టనివాళ్లకు ఒక మాట. చదరపు అడుగు రేటు ఒక్కటే మాట్లాడుకుని ఊరుకోవద్దు. సిమెంటు, కడ్డీ, నీరు ఎలాంటివో, బీటలొస్తే ఎన్నేళ్లు ఎవరు చూడాలో రాసుకోండి. డబ్బు దశలవారీగా ఇచ్చి కొంత ఆఖరుకు అట్టేపెట్టండి. శ్లాబు వేసే రోజు పనివాళ్లకు భోజనాలు పెడతారుగా, ఆ రోజే అదే కాంక్రీటుతో మూడు దిమ్మలు పోయించి పక్కన పెట్టమనండి. 28 రోజుల తరవాత ల్యాబులో వాటిని నలగ్గొడితే అంకె వస్తుంది. ఆ అంకె చేతిలో ఉంటే, నేలదా పనిదా అని రేపు ఫోన్లో వాదులాడుకోనక్కర్లేదు.