ట్యూబా మౌత్‌పీసు

ఇత్తడి వాద్యములలో మిక్కిలి మంద్రస్వరము పలుకునది ట్యూబా. 1835వ సంవత్సరమున, ప్రష్యా రాజధానియగు బెర్లిను నగరమునందు, విల్హెల్మ్ వీప్రెక్ట్, యోహాన్ మోరిట్జ్ అనువారు దీనికి పేటెంటు పొందిరి. వాద్యకారుడు ఒడిలో నిలుపుకొని ఊదెడి ఈ పెద్ద వాద్యమునకు ప్రాణము పోయునది పిడికిట నిముడు లోహపు ముక్క. దానినే మౌత్‌పీసు అందురు.

గొట్టములోనికి ఊరక గాలి నూదినచో నాదము పుట్టదు. పెదవులను బిగించి, మౌత్‌పీసున కానించి, వానిని కంపింపజేయవలెను. ఆ కంపనము గొట్టములోని గాలిని కదలించి స్వరమగును.

మౌత్‌పీసునందు పెదవు లానెడి అంచు, లోపలి గిన్నె, గిన్నె యడుగున కంఠమనబడు సన్నని రంధ్రము, వాద్యములో నమరెడి కాడ అను నాలుగు భాగములు ముఖ్యములు. గిన్నె వ్యాసము సుమారు 32 మిల్లీమీటర్లు. ట్రంపెటు గిన్నెకు ఇది ఇంచుమించు రెట్టింపు. మంద్రస్వరమునకు పెదవులు మెల్లగా కంపింపవలెను గనుక వానికి ఎక్కువ చోటు కావలెను.

గిన్నెలు రెండు తెగలు. గరాటువలె లోతుగా దిగునది మొదటిది. దాని నాదము గంభీరము. అడుగు గుండ్రముగా నుండునది రెండవది; దాని స్వరము స్పష్టము. మొదటి తెగలో హెల్లెబర్గు నమూనా ప్రసిద్ధము. అమెరికాలో సూసా బ్యాండునందు వాయించిన ఆగస్టు హెల్లెబర్గు పేర అది వెలసినది. 1918లో న్యూయార్కున మౌత్‌పీసుల తయారీకి పూనుకొనిన విన్సెంటు బాక్ వీనికి సంఖ్య లేర్పరచెను. ఆ పద్ధతిలో సంఖ్య పెరిగినకొలది గిన్నె వ్యాసము తగ్గును. 18వ సంఖ్యదానికంటె 24వ సంఖ్యది ఇరుకు.

అన్ని సుగుణములును ఒక్కదానియందే అమరవు. అంచు వెడల్పైనచో పెదవులు త్వరగా అలయవు. కాని స్వరమునుండి స్వరమునకు వడిగా సాగుట కష్టమగును. కంఠము పెద్దదైనచో నాదము విరివిగా వెలువడును. కాని ఊపిరి త్వరగా తరిగిపోవును. కాడ కొలతలును పలు విధములు. అది వాద్యమున సరిగా అమరనిచో శ్రుతి చెడును.

గొప్ప విద్వాంసుడు వాడెడి మౌత్‌పీసును కొనినంత మాత్రమున అతని నాదము రాదు. పెదవుల మందము, పలువరుస, ఊపిరి బలము ఎవరివి వారివే. కంఠము పెద్దదగు మౌత్‌పీసును చేపట్టిన బాలుడు నాలుగు స్వరములకే ఆయాసపడి, తనకు సంగీతము రాదని విడిచిపెట్టవచ్చును. లోపము బాలునిది కాదు, ఎంపికది. ఈ సంగతి నెరిగిన గురువు మొదట శిష్యుని ఊపిరిని పరీక్షించి, ఆ పిమ్మట తగిన మౌత్‌పీసును చేతికిచ్చును.