సైకిళ్ళపై సఖినేటిపల్లి రేవుకు

మా రాజమహేంద్రవరంలో సైకిలు తొక్కేవాళ్ళం ఏడుగురం ఒక జట్టుగా ఏర్పడి నాలుగేళ్ళయింది. దీన్ని క్లబ్బు అనడానికి మాకే కాస్త సిగ్గు. అధ్యక్షుడు లేడు, చందా లేదు. గాలి పంపు ఒకటీ, పంచరు సామాను సంచి ఒకటీ మా ఉమ్మడి ఆస్తి. బ్యాంకు ఉద్యోగి ఒకరు, మందుల షాపు ఆయన ఒకరు, రిటైరైన పోస్టుమాస్టరు ఒకరు, నా దగ్గర చదువుకున్న కుర్రాళ్ళు ముగ్గురు, తెలుగు పాఠాలు చెప్పుకునే నేను. కుర్రాళ్ళవి గేర్ల సైకిళ్ళు. నాది మా నాన్నగారి నల్ల సైకిలు. దానికి గేర్లు లేవు గాని స్టాండు ఉంది. ఆ సంగతి వాళ్ళకు అప్పుడప్పుడు గుర్తుచేస్తూ ఉంటాను.

మొన్న మాఘమాసంలో ఒక ఆదివారానికి వేసుకున్న పథకం ఇది: చీకటితో బయలుదేరి, ధవళేశ్వరం బ్యారేజి దాటి, కోనసీమ మధ్యగా రాజోలు, అక్కడినించి సఖినేటిపల్లి. రేవులో పంటెక్కి వశిష్ఠ దాటితే అవతలి గట్టున నరసాపురం. అక్కడ సైకిళ్ళను లగేజీగా వేసి సాయంకాలం బండెక్కితే భీమవరం, తణుకు, నిడదవోలు మీదుగా రాత్రి భోజనాలవేళకు ఇల్లు. తొక్కవలసింది తొంభై కిలోమీటర్ల పైచిలుకు. కాగితంమీద గీస్తే చాలా ముచ్చటగా వచ్చింది.

బ్యారేజిమీదికి వచ్చేసరికి తూర్పు తెల్లబడింది. కాటన్ దొర 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట 1852లో పూర్తయింది. ఇప్పుడు మనం దాటేది దానిది కాదు, 1982లో పూర్తయిన బ్యారేజి. తలుపులు 175. కుర్రాళ్ళలో ఒకడు లెక్కపెడతానని పంతం పట్టి, అరవై దాకా వచ్చి, ఎదురుగా వచ్చిన పాల సైకిలును తప్పించబోయి లెక్క తప్పాడు. గోదావరి ఇక్కడే గౌతమి అనీ వశిష్ఠ అనీ రెండుగా చీలుతుంది. ఆ రెంటి మధ్యనున్న నేలలోకి మేము దిగాము.

ఆత్రేయపురంలో ఆగకుండా పోవడం ఎవరి తరం? బోర్లించిన కుండ అడుగు కింద సెగ. పల్చటి బియ్యపు పిండిలో ముంచిన గుడ్డను ఆ కుండమీద ఇలా లాగితే చాలు, రేకు తయారు. కనురెప్ప వేసేలోగా ఆవిడ దాన్ని ఒలిచి పక్కన పెడుతోంది. 2023లో ఈ ఊరి పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. పోస్టుమాస్టరుగారు రెండు పెట్టెలు కొని వెనక క్యారేజీకి కట్టారు. సైకిలుమీద పూతరేకులు తీసుకుపోరాదని అప్పటికి మాకు తెలియదు.

రావులపాలెం, కొత్తపేట త్వరగానే గడిచాయి. గన్నవరం దగ్గర మాత్రం చాలాసేపు నిలబడిపోయాము. కింద వైనతేయ పారుతోంది. దానిమీద అక్విడక్టులో కాలువ పారుతోంది. పక్కన దారిమీద మనం. ఏరుమీద ఏరు నడుస్తూంటే చూడ్డం నాకు నలభైయ్యారో ఏటగాని పడలేదు. పాత అక్విడక్టు గత శతాబ్దానికి ముందుది. కొత్తదానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. ఈ లంకల గన్నవరంలోనే ఆమె 1909లో కన్నుమూసేదాకా వేళగాని వేళ వచ్చినవాళ్ళకు సైతం అన్నం పెట్టింది. మేమూ అక్కడే ఒక కొబ్బరితోటలో పులిహోర పొట్లాలు విప్పాము.

సఖినేటిపల్లి రేవు చేరేసరికి నాలుగున్నర. సముద్రం దగ్గర కావడంచేత అక్కడ గోదావరికి పోటూ పాటూ ఉంటాయి. పాటు మొదలైతే ఒడ్డున ఇసుక మేట బయటపడి పంటు జాగ్రత్తగా తిరగవలసి వస్తుంది. పంటు అనే మాట ఇంగ్లీషు పడవల మాటల్లోంచి దిగిందని నా ఊహ. ఏమైనా మోటారు సైకిళ్ళూ, కొబ్బరికాయల బస్తాలూ, చేపల బుట్టలూ, ఒక పెళ్ళి బృందమూ, ఏడు సైకిళ్ళూ ఎక్కాక దానిమీద కాలు పెట్టే చోటు లేదు.

సరంగు తాడు విప్పబోతూండగా గట్టుమీద ఆటో హారను. లోపల నెలలు నిండిన పిల్ల, వాళ్ళమ్మ, చేతిలో ఫ్లాస్కు. నొప్పులు పొద్దుటినించీ వస్తున్నాయట. చూపించుకునే డాక్టరు నరసాపురంలో ఉందట. చించినాడ వంతెన చుట్టి పాలకొల్లు మీదుగా పోవాలంటే ఎంత దూరం!

సరంగు ఎవరినీ ఏమీ అనలేదు. సైకిళ్ళకేసి ఒకసారి చూశాడు.

నా మనస్సులో ముందు మెదిలింది రైలు. దాచుకోవడం దేనికి? లెక్క తప్పిన కుర్రాడు అప్పటికే తన సైకిలు ఎత్తి భుజాన వేసుకుని బల్లమీద దిగుతున్నాడు. వాడి వెనక మేమంతా దిగాము. ఆటో ఎక్కింది. పంటు పోయింది.

"వంతెన మాట మా చిన్నప్పటినించీ వింటున్నామండీ, ఆయ్" అన్నాడు టీ బడ్డీ ఆయన. నది అందం గురించి అంతవరకూ నేను చెబుతున్నదంతా విన్నాడు కాబోలు, "తమరు ఒకసారి దాటుతారండి, అందంగానే ఉంటాదండి" అని కూడా అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. పూతరేకుల పెట్టె విప్పితే లోపల తెల్లటి పొడి. అరచేతుల్లో పోసుకుని తిన్నాము. రుచికేమీ లోటు లేదు.

పాటు మూలాన పంటు తిరిగి రావడానికి ముప్పావు గంట పట్టింది. స్టేషనుకు చేరేసరికి బండి ఉంది గాని, లగేజీ వేసే వేళ దాటింది. గుమాస్తా మర్యాదగానే చెప్పాడు. నిబంధన అతనిది కాదు గదా. దగ్గర్లోని సైకిలు షాపు ఆయన ఏడింటినీ గొలుసుతో కట్టి లోపల పెట్టుకుంటానన్నాడు. అలా మేము సైకిళ్ళు లేని సైకిలు క్లబ్బుగా బండెక్కాము. కొవ్వూరు దాటి గోదావరి వంతెన మోగేవేళకు ముగ్గురు నిద్రపోతున్నారు. పోస్టుమాస్టరుగారు మాత్రం కిటికీలోంచి చీకటి నీళ్ళకేసి చూస్తూ, "ఈపాటికి ఏమైందో ఆ పిల్లకు" అన్నారు.

పై ఆదివారం ఉదయం బండిలో మళ్ళీ నరసాపురం వెళ్ళాము. సైకిళ్ళు తీసుకుని, స్టేషనుకు పోకుండా ముందు రేవుకు పోయాము. సరంగు మమ్మల్ని దూరంనించే పోల్చుకున్నాడు.

"ఆడపిల్లండీ!" అని నీళ్ళమీదినించే కేకవేశాడు.